మూగతెరపై రువాన్ లింగ్‌యు

రువాన్ లింగ్‌యు పేరు వినినంతనే చైనా చలనచిత్రముల నెరిగినవారికి ముందుగా జ్ఞప్తికి వచ్చునది ఆమె నటన కాదు; ఆమె మరణము. 1935వ సంవత్సరము మార్చి 8వ తేదీన, ఇరువదియైదేండ్లు నిండకమునుపే, ఆమె షాంఘై నగరమున ఆత్మహత్య చేసికొనెను. శవయాత్రను చూచుటకు లక్షకు మించిన జనము వీధులలో నిలిచిరని చెప్పుదురు. ఆనాటినుండి నేటివరకు ఆమెను గూర్చి వెలువడిన గ్రంథములలోను, సినిమాలలోను, టెలివిజను ధారావాహికలలోను ఆ యొక్క దినమే కేంద్రముగా నిలిచినది. కథ పెరిగినకొలది నటి మరుగుపడినది. ఒక చిత్రకారుని గూర్చి మాటలాడవలసివచ్చినపుడు అతని పటములను చుట్టి మూలబెట్టి, అతడు పోయిన రోగమును వర్ణించుచు కూర్చుందుమా? ఈ నటి విషయమున లోకము చేసినది అదియే. కావున ఈ వ్యాసమునందు ముందుగా ఆమె నటనను పరిశీలించి, పిమ్మట జీవితమును స్పృశించి, మరణమును గూర్చి అవసరమైనంతవరకే చెప్పదలచితిని.

మన లాక్షణికులు అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు తెరగులుగా విభజించిరి. మూగచిత్రమునందు వాచికము లేదు; నడుమ నడుమ తెరపై వచ్చు వ్రాతలే దానికి మారు. ఈ కొరతను పూడ్చుకొనుటకై ఆనాటి నటీనటులలో పెక్కుమంది ఆంగికమును హద్దుమీరి పెంచిరి. దుఃఖమనగా రొమ్ము బాదుకొనుట, భయమనగా కన్నులు వెడల్పుచేసి వెనుకకు ఒరుగుట, కోపమనగా పిడికిలి బిగించి గాలిలో ఆడించుట. వీథినాటకమున కడపటి వరుసలో కూర్చున్నవానికి కనబడవలెనన్న ఇది తప్పదు. కాని కెమెరా నటి ముఖమునకు మూరెడు దూరమున నిలిచినపుడు ఈ ఆర్భాటము వెగటు పుట్టించును. రువాన్ లింగ్‌యు పట్టినది రెండవ త్రోవ. ఆమె ఆంగికమును తగ్గించి సాత్త్వికమును ఆశ్రయించెను. లోపల భావము కదలిన పిమ్మటనే ముఖము కదలును. ఒక్కొక్కప్పుడు ముఖము కదలక కన్నులు మాత్రమే కదలును. దర్శకుడు వూ యుంగ్‌గాంగ్ ఆమెను వెలుతురును క్షణములో పట్టుకొను మేలురకపు ఫిల్ముతో పోల్చెను. పొగడ్తగా చెప్పినను ఇది సాంకేతిక సత్యమునకు మిక్కిలి దగ్గరగా ఉన్నది.

ఈ మాటకు నిదర్శనముగా 1934లో వెలువడిన ‘షెన్ను’ అను చిత్రమును చూడవలెను. ఆంగ్లమున దీనిని ‘గాడెస్’ అందురు. చైనా భాషలో షెన్ను అనగా దేవతాస్త్రీ. వాడుకలో వేశ్యకును అదియే పేరు. తెలుగువారికి ఈ శ్లేష వింతగా తోచదు. మన ‘సాని’ శబ్దము స్వామిని యనుదానినుండి వచ్చి, దొరసాని యనునపుడు గౌరవమును, సానివాడ యనునపుడు నిందను మోయుచున్నది. ‘వేలుపుసాని’ యన్నచో అప్సరస. పూజించుటకును వెలివేయుటకును లోకము ఒకే మాటను వాడుకొన్నదన్నమాట. ఆ చిత్రములోని కథానాయికకు పేరు లేదు. ఆమె పగలు తల్లి, రాత్రి పడుపుకత్తె. కొడుకును చదివించి మనిషిని చేయవలెనన్నది ఆమెకున్న ఒకే యొక కోరిక. పోలీసులనుండి తప్పించుకొనుటకు ఒక రాత్రి ఆమె దూరిన గది ఒక రౌడీది. నాటినుండి వాడు ఆమెను తన సొత్తుగా చేసికొని ఆమె సంపాదనను జూదములో ఊడ్చివేయును. కొడుకు బడిలో చేరును. తల్లి వృత్తి తెలిసి తక్కిన పిల్లల పెద్దలు ఫిర్యాదులు చేయుదురు. బాలుడు బడినుండి తీసివేయబడును. ఊరు విడిచి పోవుదమన్న దాచిన డబ్బు వాడు కాజేసియుండును. ఆమె వానిని సీసాతో కొట్టి చంపి 12 ఏండ్ల శిక్షకు పాత్రురాలగును.

కథ ఇంతే. చెప్పుకొన్నచో కంటనీరు పెట్టించుటకై కట్టిన కథవలె ఉండును. అట్లు కాకుండ కాపాడినది నటి. రౌడీ గదిలోని ఘట్టమును చూడుడు. పోలీసులు వెడలిపోయిరి. తనను దాచినందుకు వాడు కోరు మూల్యమేమో ఆమెకు అర్థమైనది. ఇక్కడ ఏ నటియైనను చేతులు జోడించును, మోకరిల్లును, గోడకు ఆనుకొని వణకును. రువాన్ లింగ్‌యు ఒక్క క్షణము తటపటాయించి, బల్లపైకెక్కి కూర్చుండి, వానిని సిగరెట్టు అడిగి పుచ్చుకొని పొగ వదలును. ఆ చేష్టలో సిగ్గు లేదు, విలాసమును లేదు. ఒక పనివాడు మరియొక బరువు మోయుటకు ముందు తలగుడ్డ సవరించుకొనునట్లుండును. ఇంతకుమునుపే ఆమె ఉయ్యాలలోని బిడ్డను చూచిన చూపు మనకు తెలియును గనుక, ఈ పొగ వెనుక ఆమె దాచుకొన్నదేమో మనమే పూరించుకొందుము. ప్రేక్షకునికి పని మిగిల్చిన నటనయే గొప్ప నటనయని నా అభిప్రాయము.

వూ యుంగ్‌గాంగ్‌కు అది మొదటి చిత్రము. అంతకుముందు అతడు కళాదర్శకుడు. అందువలననే కాబోలు వస్తువులచేతను, చోటుచేతను మాటలాడించుట అతనికి తెలిసినది. రౌడీ కొత్తయింటిని కనిపెట్టి వచ్చినపుడు వాని రెండు కాళ్లు తెరకు ద్వారబంధమువలె నిలిచి, ఆ కాళ్లనడుమ బిడ్డను పొదివికొన్న తల్లి అల్పముగా కానవచ్చును. ఇది దర్శకుని ప్రతిభ. కాని ఆ కాళ్లనడుమ కనబడునంత చిన్న రూపములో కూడ ఆమె భుజము బిడ్డవైపు తిరిగిన తీరు నటి ప్రతిభ. కెమెరా దూరమైనపుడు ముఖమును విడిచి మేనితో పలుకుట ఆమెకు తెలియును. దగ్గరైనపుడు మేనిని మరచి రెప్పలతో పలుకుటయు తెలియును.

ఈ చిత్రములో నన్ను మిక్కిలి కలచివేయు ఘట్టము బడిలో జరుగు వేడుక. కొడుకు వేదికపై పాట పాడుచుండును. తల్లి వరుసలో కూర్చుండి చూచుచుండును. ఆమె ముఖముపై గర్వము మెల్లమెల్లగా వ్యాపించును. పెదవులు కొడుకు పాటతో పాటు కదలునో లేదో అన్నట్లుండును. ఆ సమయముననే ప్రక్కనున్న ఆడంగులలో ఒకతె మరియొకతె చెవిలో ఏదో ఊదును. ఆమె తన ప్రక్కదానికి చెప్పును. గుసగుస వరుసవెంట పాకిపోవును. మూగచిత్రము గనుక ఆ మాటలు మనకు వినబడవు. కదలు పెదవులు, తిరుగు తలలు మాత్రము కనబడును. చాడీకి శబ్దముతో పని లేదని ఆ దృశ్యము ఎంత చక్కగా నిరూపించినది! తల్లి దానిని ఇంకను గమనింపలేదు. చప్పట్లు కొట్టుచునే యున్నది. ఈ దృశ్యము తెరకెక్కిన కొన్ని నెలలకే ఆ నటి తన బ్రతుకులో అట్టి వరుస నడుమనే కూర్చుండవలసివచ్చినది.

చిత్రమునకు లోపములు లేకపోలేదు. ప్రధానోపాధ్యాయుడు పాలకవర్గమునెదుట చేయు ప్రసంగము ఉపన్యాసముగా మిగిలిపోయినది. చెప్పినది న్యాయమే యైనను తెరపై వ్రాతలు దొంతరలుగా వచ్చుచుండ నటన ఆగిపోవును. రౌడీ పాత్రకు జాంగ్ జిజి తన స్థూలకాయమును చక్కగా వినియోగించుకొన్నను, ఆ పాత్రకు క్రౌర్యము తప్ప మరియొక రంగు లేదు. అయినను కడపట జైలుగదిలో, తన కొడుకునకు తల్లి చనిపోయినదని చెప్పుమని ప్రధానోపాధ్యాయుని కోరి, వట్టిగోడపై ఆ బాలుని నవ్వుముఖమును ఊహించుకొనునపుడు రువాన్ లింగ్‌యు కన్నీటితో కాక సన్నని చిరునవ్వుతో ఆ దృశ్యమును ముగించును. ఏడ్వవలసినచోట ఏడ్వకుండుట ఆమె పాటించిన క్రమశిక్షణ.

ఆమె ధరించిన తల్లి పాత్రలను వరుసగా చూచినచో మరియొక సంగతి బోధపడును. 1931 నాటి ‘ప్రేమ, విధి’ అను చిత్రములో కన్నెపిల్లగా ప్రారంభించి, భర్తను బిడ్డలను విడిచి ప్రియునితో పోయిన ఇల్లాలుగా, అతడు మరణించిన పిదప కుట్టుపనితో కూతురును పెంచు నడుము వంగిన వృద్ధగా మారును. ఎదిగిన కూతురు పాత్రయు ఆమెయే ధరించినది. అప్పటికి ఆమె వయస్సు ఇరువదియొక్క సంవత్సరము. ముసలితనమనగా తెల్లజుట్టు అంటించుకొనుట యని తలచు నటులు ఆ చిత్రములో ఆమె సూదిలో దారమెక్కించు తీరును, గడప దాటుటకు ముందు నిలిచిపోవు తీరును గమనింపవలెను. 1933లో సున్ యూ దర్శకత్వమున వచ్చిన ‘చిట్టి బొమ్మలు’ చిత్రములో ఆమె గ్రామమున బొమ్మలు చేసి అమ్ముకొను స్త్రీ. భర్త పోవును, కొడుకు అపహరింపబడును, 1932 నాటి షాంఘై యుద్ధమున కూతురు మరణించును. కూతురుగా నటించిన లీ లీలీ ఆమెకంటె ఐదేండ్లు మాత్రమే చిన్నది. అయినను ఆ ఇరువురిని చూచుచున్నపుడు ఈ లెక్క ఎవరికిని తట్టదు. నూతన సంవత్సర దినమున బాణసంచా ధ్వనిని తుపాకుల మ్రోతగా భ్రమించి ఆమె మతి చలించి జనులను హెచ్చరించు ముగింపులో మాత్రము దర్శకుని దేశభక్తి నటి శిల్పముకంటె బిగ్గరగా పలికినది. జపాను దాడి చేసిన కాలమది. ఆ బిగ్గరతనమును తప్పుపట్టుటకు నాకు మనసొప్పదు.

ఇట్టి పాత్రలకు ఆమెకు శిక్షణ ఎక్కడ లభించినది? నాటకశాలలో కాదు. 1910వ సంవత్సరము ఏప్రిల్ 26వ తేదీన ఆమె షాంఘైలో జన్మించినది. పూర్వులు దక్షిణమున గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమువారు. తండ్రి కూలిపని చేయుచు ఆమె బాల్యముననే గతించెను. తల్లి జాంగ్ వంశస్థుల ఇంట పనిమనిషిగా కుదిరి, ఆ రాబడితో కూతురును బాలికల పాఠశాలలో చదివించినది. వంటింటి ప్రక్కగదిలో పెరిగి పెద్దయింటి బడికి పోవు బిడ్డకు, ఎవరు తనను ఎట్లు చూచుచున్నారో కనిపెట్టుట సహజముగనే అలవడును. ‘షెన్ను’లోని తల్లి వెనుక ఈ తల్లి ఉన్నదని ఊహించుట దోషము కాదు. 1926లో, పదునారవ యేట, ఆమె మింగ్‌సింగ్ సంస్థలో చేరినది. 1927లో బూ వాంచాంగ్ దర్శకత్వమున తొలి చిత్రము వచ్చినది. 1930లో లియన్‌హువా సంస్థ ఏర్పడి, సున్ యూ వంటి చదువుకొన్న దర్శకులు లభించిన పిమ్మటనే ఆమె స్థాయి తెలిసినది.

ఈ సంచికను చదువువారిలో ఇంట తెలుగును, వీథిలో కన్నడమో తమిళమో ఒరియాయో మరాఠీయో మాటలాడువారే హెచ్చు. కావున ఒక విషయము వారి కొరకు చెప్పవలసియున్నది. షాంఘైలో గ్వాంగ్‌డాంగ్ వారు వలస వచ్చినవారు. ఇంటిభాష కాంటనీసు, వీథిభాష షాంఘై పలుకుబడి, ఈ రెండును ఒకదానికొకటి అర్థము కానంత దూరము. తమ సంఘములను, తమ శ్మశానవాటికను కూడ వారు వేరుగా నేర్పరచుకొనిరి. రువాన్ లింగ్‌యును ఖననము చేసినదియు ఆ వాటికయందే. మూగచిత్రము ఉన్నంతకాలము ఆమె భాష ఏదైనను తెరకు పట్టింపు లేకపోయెను. 1931లో చైనాలో తొలి వాక్చిత్రము వచ్చినది. తెర కోరిన భాష ఉత్తరాది ఉచ్చారణతో కూడిన జాతీయ భాష. మన దేశమున 1931లో ‘ఆలం ఆరా’, 1932లో ‘భక్త ప్రహ్లాద’ వచ్చిన మూడు నాలుగేండ్లలోనే మూకీ అడుగంటిపోగా, షాంఘైలో యంత్రముల ఖరీదువలనను, ప్రాంతీయ భాషల చిక్కువలనను 1935 వరకును మూగచిత్రములు మేలైనవే వచ్చుచుండెను. ఆ ఆలస్యమే రువాన్ లింగ్‌యును మనకు ఇచ్చినది. ఆమె పూర్తి వాక్చిత్రమొక్కటియు చేయలేదు. ఆమె సమకాలికురాలైన హూ దియే కూడ గ్వాంగ్‌డాంగ్ వంశమునదే యైనను బాల్యమున ఉత్తరాదిని మెలగినందున ఆ భాష ఆమెకు పట్టువడినది. తొలి వాక్చిత్రమున నాయిక ఆమెయే. 1933లో ఒక పత్రిక జరిపిన ‘సినిమా రాణి’ ఎన్నికలో హూ దియే ప్రథమురాలు, రువాన్ లింగ్‌యు తృతీయురాలు. 1938లో వూ యుంగ్‌గాంగ్ తన ‘షెన్ను’ కథనే మాటలతో మరల తీసినపుడు తల్లి పాత్ర హూ దియేకు దక్కినది. నేడు ఆ రెండవ చిత్రమును తలచువారు అరుదు. మాట చేరినంతమాత్రమున ముఖమునకు ప్రాణము హెచ్చదని దీనివలన తెలియుచున్నది.

ఇక మరణమును గూర్చి. 1934 ఫిబ్రవరిలో ఆయ్ షియా అను నటి, రచయిత్రి, ఆత్మహత్య చేసికొనెను. ఆమె కథను ఆధారము చేసికొని త్సాయ్ చూషెంగ్ 1935 ప్రారంభమున ‘నవీన స్త్రీలు’ అను చిత్రమును విడుదల చేసెను. అందు రువాన్ లింగ్‌యు రచయిత్రిగను, ఉపాధ్యాయినిగను నటించి, పత్రికల దుష్ప్రచారమునకును పేదరికమునకును బలియై ఆసుపత్రిలో బ్రతుకవలెనని పరితపించుచు కన్నుమూయును. నిజము చెప్పవలెనన్న ‘షెన్ను’తో పోల్చదగిన చిత్రము కాదది. దర్శకుడు ప్రతి దృశ్యమునందును ఒక పాఠము దాచెను, గడియారములు, నీడలు, బొమ్మలు అన్నియు అర్థము చెప్పుటకే నిలిచినవి, నటికి ఊపిరియాడలేదు. అయినను ఆసుపత్రి మంచముపై ఆ ముఖము మాత్రము పాఠములనన్నిటిని త్రోసిరాజనును. చిత్రములో విలేఖరులను నీచముగా చూపిరని షాంఘై పత్రికారచయితల సంఘము ఆందోళన చేసెను. సంస్థ క్షమాపణ చెప్పి కొంత భాగమును కత్తిరించినది. సంస్థ తప్పించుకొన్నది, నటి తప్పించుకొనలేదు. ఆమె పూర్వము కలిసి కాపురము చేసిన జాంగ్ దామిన్ – తల్లి పనిచేసిన ఇంటి కుమారుడే – ఆమెపైనను, ఆమెతో అప్పుడు జీవించుచున్న తేయాకు వర్తకుడు తాంగ్ జీషాన్ పైనను వ్యాజ్యము వేసియుండెను. పత్రికలకు పండుగయైనది. ప్రతిదినము ఒక వార్త. మార్చి 9వ తేదీన న్యాయస్థానమున హాజరు కావలసియుండగా, ముందునాడే ఆమె ప్రాణములు విడిచెను. లోకనిందకు వెరచి పోవుచున్నానను అర్థము వచ్చు లేఖ ఒకటి ప్రకటింపబడినది. అది ఆమె వ్రాసినది కాదని పిమ్మట వాదములు బయలుదేరినవి. ఆ వాదములలో దిగుట ఈ వ్యాసమునకు పని కాదు.

ఆ సందర్భమున మహారచయిత లూ షున్ మారుపేరుతో వ్రాసిన వ్యాసము మాత్రము విమర్శకులందరును గుర్తుంచుకొనదగినది. బలవంతులనెదుట నోరెత్తలేని పత్రికలు, పేరుండి బలము లేని ఒక స్త్రీ దొరకినపుడు ఎంత బలము గలవగునో అతడు చూపెను. దోషము ఒక విలేఖరిదని చెప్పి అతడు ఊరుకొనలేదు. అట్టి వార్తలను చదివి తాము ఆమెకంటె మేలైనవారమని తృప్తిపడు పాఠకులను కూడ లెక్కలోనికి తీసికొనెను. ‘షెన్ను’లోని ఆ వరుసను మరల తలచుకొనుడు. ఊదినది ఒక్కతె, మోసినది వరుస మొత్తము.

1991లో హాంకాంగు దర్శకుడు స్టాన్లీ క్వాన్ ఆమె జీవితమును చిత్రముగా తీసెను. మాగీ చెయుంగ్ ఆమె పాత్రను ధరించి 1992 బెర్లిన్ ఉత్సవమున ఉత్తమనటిగా వెండి ఎలుగుబంటిని గెలుచుకొన్నది. ఈ చిత్రములోని నిజాయితీ నాకు నచ్చినది. దర్శకుడు కథను మాత్రమే చెప్పక, నడుమ నటీనటులతో సంభాషించును. వృద్ధురాలైన లీ లీలీ మాటలను వినిపించును. మాగీ చెయుంగ్ అభినయించిన దృశ్యము ప్రక్కనే రువాన్ లింగ్‌యు అభినయించిన అసలు దృశ్యమును చూపును. పోలికకు ఇంత ధైర్యముగా తావిచ్చినవారు తక్కువ. మాగీ చెయుంగ్ నటనలో సౌందర్యమున్నది, సంయమనమున్నది, నడకలో ఆ కాలపు వంపును చక్కగా పట్టినది. కాని అసలు ముద్ర వచ్చినంతనే తేడా తెలిసిపోవును. ఒకరు దుఃఖమును అందముగా మోయుచున్నారు. రెండవవారికి అందమును గూర్చిన తలపే లేదు. అయినను ఆ చిత్రమును కూడ మరణమే లాగికొన్నది. చివరి రాత్రి విందు, వీడ్కోలు, పడకగది – వీనిపై దర్శకుడు నిలిచినంతసేపు ఆమె పనిచేయు తీరుపై నిలిచియున్నచో ఎంత బాగుండెడిది!

ఆమె చేసిన చిత్రములు ముప్పదికి కొంచెము తక్కువ. వానిలో మిక్కిలి భాగము నశించినవి. నశించినదని అందరును విడిచిపెట్టిన ‘ప్రేమ, విధి’ ప్రతి ఒకటి 1990 ప్రాంతమున దక్షిణ అమెరికాలోని ఉరుగ్వేలో బయటపడినది. షాంఘైలో తీసిన ఫిల్ముచుట్టలు భూగోళమునకు ఆవలి ప్రక్కకు ఎట్లు చేరినవో గాని, ఆ ముసలి కుట్టుపనికత్తె నడకను నేడు మనము చూడగలుగుచున్నామన్న అందుకు కారణము ఆ ఒక్క ప్రతియే. ‘షెన్ను’ను చైనా చలనచిత్ర భాండాగారము బాగుచేయగా 2014లో లండను చిత్రోత్సవమున కొత్త వాద్యసంగీతముతో ప్రదర్శించిరి. ఇంకను దొరకవలసినవి ఉన్నవి. తియన్ హన్ వ్రాయగా బూ వాంచాంగ్ తీసిన ‘ముగ్గురు నవీన స్త్రీలు’ చిత్రములో రువాన్ లింగ్‌యు ఏడ్చు పాత్రలను విడిచి, తన కాళ్లపై తాను నిలిచి టెలిఫోను కార్యాలయమున పనిచేయు యువతిగా నటించినది. ఆమె బ్రతికియున్నచో ఏ త్రోవన సాగియుండెడిదో ఆ చిత్రము కొంతవరకైనను తెలిపియుండెడిది. దాని ప్రతి ఎక్కడను లభింపలేదు.